జూన్ 8న గడువు తీరే బిల్లు: రుణ పరిమితి తగాదాలో చిక్కిన ఒక గుడి నిధి

అమెరికాలో చిన్న సంస్థలకూ ధర్మ సంస్థలకూ నిధుల నిర్వహణపై సలహా ఇవ్వడం నా వృత్తి. 2023 వేసవిలో నా చేతుల మీదుగా నడిచిన ఒక వ్యవహారాన్ని, సంబంధిత ట్రస్టు అనుమతితో, ఊరూ పేర్లూ తీసివేసి, మొత్తాలను కొంత మార్చి ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇందులో నావి రెండు పొరపాట్లున్నాయి. డబ్బు నష్టపోకుండా బయటపడ్డాం కనుక అవి మరుగున పడిపోయే అవకాశం ఉంది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

కొన్ని వందల తెలుగు కుటుంబాల చందాలతో నడిచే ట్రస్టు అది. కొత్త ఆలయ ప్రాంగణం కోసం 24 లక్షల డాలర్లు పోగుచేసింది. నిర్మాణ ఒప్పందం ప్రకారం జూన్ 12న కాంట్రాక్టర్‌కు 9 లక్షలు చెల్లించాలి, మిగతా వాయిదాలు ఆ ఏడాది చివర్లోనూ ఆ తర్వాతా ఉన్నాయి. డబ్బంతా ఒకే ప్రాంతీయ బ్యాంకులో ఉండేది. మార్చి 10న సిలికాన్ వ్యాలీ బ్యాంకు, మరో రెండు రోజులకు సిగ్నేచర్ బ్యాంకు మూతపడ్డాయి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు 2.5 లక్షల డాలర్ల వరకే వర్తిస్తుంది కనుక, ట్రస్టు సొమ్ములో దాదాపు పదింట తొమ్మిది వంతులకు బీమా లేదు. ఆ వారాంతంలోనే కోశాధికారి నాకు ఫోన్ చేశారు.

నేను ఇచ్చిన సలహా ఇది. బీమా ఉన్నంత మేరకు 2.5 లక్షలు బ్యాంకులో ఉంచి, మిగతాదంతా ట్రెజరీ బిల్లుల్లో పెట్టాలి. ట్రెజరీ బిల్లు అంటే అమెరికా ప్రభుత్వం ఏడాది లోపు గడువుతో తీసుకునే అప్పు పత్రం. ముఖవిలువ కంటే తక్కువకు కొంటాం, గడువు నాడు పూర్తి ముఖవిలువ వస్తుంది. జూన్ 12 చెల్లింపు కోసం జూన్ 8న, గురువారం నాడు గడువు తీరే బిల్లును 9.5 లక్షలకు తీసుకున్నాం. మిగిలిన 12 లక్షలను సెప్టెంబరు, డిసెంబరు బిల్లుల్లో సర్దాం. చెల్లింపుకు నాలుగు రోజుల ముందు డబ్బు చేతికొస్తుందన్నది నా లెక్క.

అప్పటికే రుణ పరిమితి నిండిపోయి ఉంది. జనవరి 19న అమెరికా ప్రభుత్వ అప్పు చట్టం విధించిన హద్దును, అంటే సుమారు 31.4 లక్షల కోట్ల డాలర్లను చేరింది. అప్పటి నుంచి ట్రెజరీ శాఖ, అంటే అక్కడి ఆర్థిక శాఖ, అసాధారణ చర్యలతో నెట్టుకొస్తోంది. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ నిధుల్లో కొత్త పెట్టుబడులను తాత్కాలికంగా ఆపడం వంటివి ఆ చర్యలు. అవి కూడా అయిపోయి ఖజానా తన చెల్లింపులు చేయలేని స్థితికి చేరే రోజును అక్కడ ఎక్స్-డేట్ అంటారు. అది ఎప్పుడన్న దానిపై మార్చిలో నా ముందు రెండు అంచనాలున్నాయి. ట్రెజరీ కార్యదర్శి జానెట్ యెలెన్ జనవరిలో రాసిన లేఖ, జూన్ మొదటి రోజుల కంటే ముందు డబ్బు అయిపోయే అవకాశం తక్కువని చెప్పింది. కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) బడ్జెట్ కార్యాలయం ఫిబ్రవరిలో జులై, సెప్టెంబరు నెలల మధ్య అని చెప్పింది. రెండోది కొత్తది, వివరంగా ఉన్నది కనుక దాన్నే నమ్మి, జూన్ 8 సురక్షితమని నిర్ణయించాను.

ఇది నా మొదటి పొరపాటు. అంచనా తప్పడం ఒక్కటే అయితే దాన్ని పొరపాటు అనను. శీతాకాలపు తుపానుల కారణంగా కాలిఫోర్నియాలో అత్యధిక భాగానికి పన్ను చెల్లింపు గడువును అక్టోబరు 16 దాకా పొడిగిస్తున్నట్టు పన్నుల శాఖ ఫిబ్రవరి 24న ప్రకటించింది. ఆ రాష్ట్రంలో నాకు క్లయింట్లున్నారు, ఆ పొడిగింపు వార్త వాళ్లకు చెప్పిందీ నేనే. ఏప్రిల్‌లో ఖజానాకు రావలసిన పన్ను అక్టోబరుకు జరిగితే ఎక్స్-డేట్ ఇంకా త్వరగా వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఒక చేత్తో పట్టుకున్న కాగితాన్ని రెండో చేతిలోని కాగితం పక్కన పెట్టి చూడలేదు.

సమస్య ముందుకొచ్చిన తీరు

మే 1న యెలెన్ మరో లేఖ రాశారు. పన్ను వసూళ్లు చూశాక, జూన్ 1 నాటికే చెల్లింపులు అసాధ్యం కావచ్చన్నది దాని సారాంశం. అదే రోజు ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంకు కూడా కుప్పకూలింది. బ్యాంకు భయంతో బిల్లుల్లోకి మార్చిన డబ్బుకు ఇప్పుడు బిల్లుల భయం పట్టుకుంది, వెనక్కి బ్యాంకులోకి తెద్దామంటే మొదటి భయం ఇంకా తీరలేదు. ధర్మకర్తలు అత్యవసర సమావేశం పెట్టి నన్ను పిలిచారు.

ఆ సమావేశంలో ముందుగా ఒక అపార్థాన్ని తొలగించవలసి వచ్చింది. మన రాష్ట్రాల రాజకీయాలను గమనించే ఒక ధర్మకర్త, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు కేంద్రం విధించే అప్పు పరిమితి లాంటిదే ఇదీ అనుకున్నారు. అవి వేరు. రాజ్యాంగంలోని 293వ అధికరణం కింద, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయడానికి కేంద్రం అనుమతి కావాలి, అడిగేవారూ ఇచ్చేవారూ వేర్వేరు. అమెరికాలో ఖర్చును ఆమోదించేదీ, పన్నులను నిర్ణయించేదీ, ఆ రెండింటి మధ్య తేడాను అప్పుతో పూడ్చడానికి మళ్లీ విడిగా అనుమతి ఇవ్వవలసిందీ ఒకే కాంగ్రెస్. పరిమితి పెంచకపోతే కొత్త ఖర్చు ఆగదు, ఇప్పటికే ఒప్పుకున్న చెల్లింపులు ఆగుతాయి. జూన్ 8న ట్రస్టుకు రావలసిన 9.5 లక్షలు ఆ చెల్లింపుల్లో ఒకటి.

ఫలించని ప్రయత్నాలు

మొదట నేను ధైర్యం చెప్పబోయాను. 1960 నుంచి కాంగ్రెస్ 78 సార్లు ఈ పరిమితిని పెంచిందనో, పొడిగించిందనో, సవరించిందనో ట్రెజరీ శాఖే చెబుతుందని వివరించాను. ట్రస్టు అధ్యక్షుడు పెద్దాయన, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవారు. ఆయన అంతా విని, "నాయనా, డెబ్బై తొమ్మిదోసారి కూడా జరుగుతుందని నువ్వు సంతకం పెట్టి ఇస్తావా?" అని అడిగారు. ఇవ్వలేనన్నాను. అక్కడితో ఆగకుండా 1979 సంగతి చెప్పాను. ఆ ఏడాది పరిమితి ఆలస్యంగా పెంచడమూ, ట్రెజరీ యంత్రాల్లో తలెత్తిన లోపమూ కలిసి, ఏప్రిల్, మే నెలల్లో చిన్న మదుపరులకు రావలసిన సుమారు 12 కోట్ల డాలర్ల బిల్లుల సొమ్ము ఆలస్యమైంది, చివరికి అందింది. ఆలస్యమైనా డబ్బు పోదని చెప్పడం నా ఉద్దేశం. వాళ్లకు వినిపించింది మాత్రం ఆలస్యం ఒకసారి నిజంగానే జరిగిందని. వాళ్లు విన్నదే సరైనది. కాంట్రాక్టర్‌కు ఫలానా రోజున డబ్బివ్వవలసిన సంస్థకు "చివరికి వస్తుంది" అన్న మాట సమాధానం కాదు.

రెండో ప్రయత్నం జూన్ 8 బిల్లును గడువుకు ముందే మార్కెట్లో అమ్మేయడం. మే మొదటి రెండు వారాల్లో ఆ పని సులువుగానే అయ్యేది. నేనే ఆపాను. డెమోక్రాట్ అధ్యక్షుడు బైడెన్, ప్రతినిధుల సభ రిపబ్లికన్ స్పీకర్ కెవిన్ మెకార్తీ మధ్య చర్చలు నడుస్తున్నాయి, మే 22న ఇద్దరూ మళ్లీ కలుస్తున్నారు, ఆ వార్త చూసి నిర్ణయిద్దామన్నాను. ఆ భేటీలో ఏమీ తేలలేదు. మే 24 సాయంత్రం, అప్పు తీర్చే సామర్థ్యానికి రేటింగ్ ఇచ్చే ఫిచ్ సంస్థ అమెరికా రేటింగ్‌ను తగ్గించే అవకాశమున్న పరిశీలన జాబితాలో పెట్టింది. మర్నాడు మేం ధర అడిగేసరికి జూన్ మొదటి వారాల్లో గడువు తీరే బిల్లుల ఈల్డ్ (ఆ ధరకు కొన్నవారికి వచ్చే వార్షిక రాబడి, ధర పడితే ఇది పెరుగుతుంది) 7 శాతం దరిదాపులకు వెళ్లింది, అదే సమయంలో ఆ తర్వాతి నెలల బిల్లులు 5 శాతం పైచిలుకులోనే ఉన్నాయి. పైగా మాది చిన్న మొత్తం కనుక బ్రోకర్ ఇవ్వజూపిన ధర తెరమీద కనిపించే ధర కంటే ఇంకా తక్కువ. రెండు వారాల వ్యవధికి లెక్కగడితే నష్టం వెయ్యి డాలర్లు దాటదు, అయినా అది భయానికి చెల్లించే రాయితీ, ఒకసారి వదులుకుంటే తిరిగి రాదు. భక్తుల సొమ్ములోంచి దాన్ని వదులుకునే ముందు ఇంకో దారి వెతకమని ధర్మకర్తలు కోరారు.

సభలో బలాబలాలు ఏం చెప్పాయి

ఇక్కడ ఆగి, చర్చల వార్తల మీద ఆధారపడటం ఎందుకు తప్పో చెప్పాలి. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 222 స్థానాలు, 435 మంది సభలో మెజారిటీకి కావలసినవి 218. అంటే సభ్యులందరూ హాజరైన రోజున సొంత పార్టీలో నలుగురు ఎదురు తిరిగితే ఫరవాలేదు, ఐదుగురు తిరిగితే సభ ముందున్న చట్టం బిల్లు ఓడిపోతుంది. జనవరిలో మెకార్తీ స్పీకర్ కావడానికి 15 సార్లు ఓటింగ్ జరిగింది. ఆ క్రమంలో ఆయన ఒప్పుకున్న వాటిలో రెండు మాకు ముఖ్యం. స్పీకర్‌ను దించే తీర్మానాన్ని ఏ ఒక్క సభ్యుడైనా పెట్టవచ్చు. ఏ బిల్లు ఎప్పుడు, ఏ షరతులతో సభకు రావాలో నిర్ణయించే రూల్స్ కమిటీలో అసమ్మతి వర్గానికి చోటిచ్చారు. పార్టీ విప్‌ను ధిక్కరిస్తే పదవి పోయే మన పార్టీ ఫిరాయింపుల చట్టం వంటిది అక్కడ లేదు. సభ్యుడు ఎదురు ఓటు వేసి, మర్నాడు అదే కుర్చీలో కూర్చుంటాడు.

ఏప్రిల్ 26న రిపబ్లికన్లు ఖర్చుల కోతలతో ముడిపెట్టి పరిమితి పెంచే తమ బిల్లును 217-215 ఓట్లతో గెలిపించుకున్నారు. వ్యతిరేకించిన రిపబ్లికన్లు సరిగ్గా నలుగురు. ఆ రోజు చాలామంది దీన్ని మెకార్తీ బలానికి గుర్తుగా చూశారు, నేనూ అలాగే చూశాను. తర్వాత ఆలోచిస్తే అందులో ఉన్నది వేరే సమాచారం. పార్టీకి పూర్తిగా నచ్చిన బిల్లుకే ఒక్క ఓటు కూడా మిగల్లేదంటే, సెనేట్‌లో మెజారిటీ ఉన్న డెమోక్రాట్లూ అధ్యక్షుడూ ఒప్పుకునే రాజీ బిల్లు డెమోక్రాట్ల ఓట్లు లేకుండా ఆ సభలో నెగ్గదు. డెమోక్రాట్ల ఓట్లతో నెగ్గించిన స్పీకర్ మీద సొంతవాళ్లు తీర్మానం పెట్టవచ్చు. కాబట్టి ఇంకో దారి లేదని అందరికీ కళ్లకు కట్టేదాకా ఏ స్పీకరూ ఆ పని చేయడు. అంటే ఒప్పందం కుదరడానికి ఎక్కువ అవకాశమున్న సమయం ఎక్స్-డేట్‌కు ముందున్న కొద్ది రోజులే, జాప్యం జరిగితే దాని బరువంతా ఆ తేదీని ఆనుకుని గడువు తీరే బిల్లుల మీదే పడుతుంది. ఈ సంగతి ఏప్రిల్ 27నే గ్రహించి ఉంటే మే 22 భేటీ కోసం ఎదురుచూసేవాడిని కాదు.

పనిచేసిన మార్గం

మే 25 మధ్యాహ్నం నేను ప్రశ్నను మార్చాను. "అమెరికా ఎగవేస్తుందా?" అన్నది వదిలి, "జూన్ 8న రావలసిన డబ్బు వారం పది రోజులు ఆలస్యమైతే ట్రస్టుకు సరిగ్గా ఏమవుతుంది?" అని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు వాషింగ్టన్‌లో లేదు, నిర్మాణ ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందాన్ని నేను అప్పటివరకు చదవలేదు. ఇది నా రెండో పొరపాటు. చెల్లింపు తేదీ, మొత్తం అడిగి రాసుకున్నానే తప్ప, ఆలస్యమైతే ఏమిటన్న నిబంధన తెప్పించుకోలేదు. అందులో చెల్లింపు తేదీ తర్వాత ఏడు రోజుల వెసులుబాటు ఉంది. అది దాటితే పని ఆపే హక్కు కాంట్రాక్టర్‌కు ఉంటుంది, మళ్లీ మనుషులనూ యంత్రాలనూ రప్పించే ఖర్చు ట్రస్టుదే. ఆ ఖర్చు వేలల్లో కాదు, పదుల వేలల్లో ఉంటుంది.

ఏడు రోజుల వెసులుబాటు కాగితం మీద చిన్నదిగా కనిపించినా ఆ నెలలో దానికి విలువ ఎక్కువ. జూన్ 15 కంపెనీలూ స్వయం ఉపాధి ఉన్నవారూ మూడు నెలలకోసారి కట్టే ముందస్తు పన్నుకు గడువు. ఆ రోజు నుంచి ఖజానాకు పెద్ద మొత్తం వస్తుంది. అందువల్ల జూన్ రెండో వారంలో జాప్యం జరిగినా మూడో వారానికి బిల్లుల సొమ్ము చెల్లే అవకాశం బాగా ఉంది. అయినా దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం మళ్లీ అంచనా మీద కూర్చోవడమే కనుక, నగదును వేరే చోటు నుంచి తేవాలనుకున్నాం.

ఇక్కడే అసలు నిర్ణయం జరిగింది. జూన్ బిల్లును ముట్టుకోకుండా, సెప్టెంబరు బిల్లుల్లో 5 లక్షల మేర అమ్మాం. దగ్గరి గడువు బిల్లు ప్రమాదంలో ఉంటే దూరపు గడువుది అమ్మడమేమిటని కోశాధికారి ఆశ్చర్యపోయారు. కారణం ఇది. జూన్ బిల్లు ధర పడిపోయింది భయం వల్ల. ఇప్పుడు అమ్మితే ఆ భయం ఖరీదును శాశ్వతంగా చెల్లించినట్టు. సెప్టెంబరు బిల్లు మేం కొన్న నాటి లెక్కకు కాస్త తగ్గింది వడ్డీ రేట్లు పెరగడం వల్ల. దాన్ని అమ్మి, జూన్ 8 డబ్బు వచ్చాక అదే గడువుకు మళ్లీ కొంటే, పెరిగిన వడ్డీకే కొంటాం కనుక ఆ తేడా చాలావరకు తిరిగొస్తుంది. కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య తేడా ఒక్కటే అసలు ఖర్చు. ఆ బిల్లులకు మార్కెట్లో కొనేవాళ్లకు కొదవ లేదు, అమ్మిన మర్నాడే డబ్బు ఖాతాలో పడింది. దాన్ని ఒక్కో బ్యాంకులో బీమా హద్దు దాటకుండా వేర్వేరు బ్యాంకుల్లో సర్దే ఏర్పాటులో పెట్టాం. బ్యాంకు ఖాతాలో ఉంచిన సొమ్ముతో కలిపి జూన్ 12కు 7 లక్షలు ఏ వార్తతోనూ సంబంధం లేకుండా సిద్ధమయ్యాయి.

మిగిలిన 2 లక్షల కోసం మే 26న ట్రస్టు అధ్యక్షుడూ నేనూ కాంట్రాక్టర్‌ను కలిసి, ఉన్నదున్నట్టు చెప్పాం. 7 లక్షలు తేదీకి ఇస్తామని, ట్రెజరీ జాప్యం చేస్తే మిగిలిన 2 లక్షలు జూన్ 23 లోపు ఇస్తామని, అంతవరకు పని ఆపనని ఆయన ఒక పేజీ మీద సంతకం చేసి ఇచ్చారు. ఆయన కూడా తన కార్మికుల జీతాల గురించి అదే బెంగతో ఉన్నారని ఆ రోజే తెలిసింది.

ఇంకో పని కూడా చేశాం, చిన్నదైనా ముఖ్యమైనది. గడువు నాడు డబ్బు రాకపోతే మా బిల్లు వాళ్ల వ్యవస్థలో ఎలా కనిపిస్తుందని బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడిగాం. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ ప్రోత్సాహంతో పనిచేసే మార్కెట్ నిపుణుల బృందం దీనిపై ముందే ఒక పత్రం ప్రచురించింది. జాప్యమని ట్రెజరీ ముందు రోజే ప్రకటిస్తే బిల్లు గడువు తేదీని సాంకేతికంగా రోజురోజుకూ జరుపుకుంటూ పోవచ్చు, అప్పుడు దాన్ని అమ్మడం, బదిలీ చేయడం వీలవుతుంది. ప్రకటించకపోతే అది స్తంభించిపోతుంది. బ్రోకర్ దగ్గర ఫోనెత్తిన వ్యక్తికి ఈ సంగతి తెలియదు. సరైన జవాబు రావడానికి మూడు రోజులు పట్టింది.

ఒప్పందం ప్రకటించాక

మే 26న యెలెన్ ఎక్స్-డేట్‌ను జూన్ 5గా తేల్చారు. జూన్ మొదటి రెండు రోజుల్లోనే 13,000 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపులున్నాయని, జూన్ 5తో మొదలయ్యే వారంలో మరో 9,200 కోట్లు కావాలని, దానికి సరిపడా డబ్బుండదని రాశారు. మా బిల్లు సరిగ్గా ఆ వారంలోనే ఉంది. మర్నాడు, శనివారం రాత్రి, ఒప్పందం కుదిరిందన్న వార్త వచ్చింది. ఏర్పాట్లన్నీ విప్పేద్దామా అని ధర్మకర్తల నుంచి సందేశాలు మొదలయ్యాయి. వద్దన్నాను. నాయకులిద్దరూ ఒప్పుకోవడం వేరు, 218 మంది ఓటెయ్యడం వేరు. మే 30న రూల్స్ కమిటీలో ఆ ఒప్పందం బిల్లు 7-6తో గట్టెక్కింది. మే 31న సభలో చర్చకు అనుమతించే తీర్మానానికే 29 మంది రిపబ్లికన్లు ఎదురు ఓటేశారు. సాధారణంగా అలాంటి తీర్మానానికి ప్రతిపక్షం మద్దతివ్వదు, ఆ రోజు 52 మంది డెమోక్రాట్లు వేసిన ఓట్లతో అది నిలిచింది. ఆ రాత్రి బిల్లు 314-117తో నెగ్గింది. అనుకూల ఓట్లలో డెమోక్రాట్లవి 165, రిపబ్లికన్లవి 149. మర్నాడు సెనేట్ 63-36తో ఆమోదించింది, జూన్ 3న బైడెన్ సంతకం చేశారు. పరిమితి 2025 జనవరి 1 దాకా నిలుపుదలలోకి వెళ్లింది.

జూన్ 8 ఉదయం 9.5 లక్షలు ఖాతాలో పడ్డాయి. జూన్ 12న కాంట్రాక్టర్‌కు పూర్తి 9 లక్షలు ఇచ్చి, బీమా ఏర్పాటులోని 5 లక్షలతో మళ్లీ సెప్టెంబరు బిల్లులు కొన్నాం. మొత్తం ఖర్చు కొన్ని వందల డాలర్లు.

తర్వాతి సమావేశంలో ఒక ధర్మకర్త ఆ వందల డాలర్లు వృథాయేనా అని అడిగారు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. బిల్లు సకాలంలో చెల్లింది కనుక వృథా అనలేం, చెల్లకపోయి ఉంటే మేం తెలివైనవాళ్లమనీ అనలేం. మే 25న మాకు తెలిసిన దాన్ని బట్టి, పదుల వేల నష్టం తప్పించడానికి వందలు పెట్టడం సరైనదేనని ఆమెకు చెప్పాను. మార్చిలో నేను జూన్ 8 ఎంచుకోవడం మాత్రం, డబ్బు సమయానికి వచ్చినా సరే, తప్పు నిర్ణయమేనని కూడా చెప్పాను.

ఆ తర్వాత మార్చుకున్నవి

ఆగస్టు 1న ఫిచ్ అమెరికా రేటింగ్‌ను తగ్గించింది, పదేపదే ఎదురయ్యే రుణ పరిమితి ప్రతిష్టంభనలను కారణాల్లో ఒకటిగా చెప్పింది. అక్టోబరు 3న మెకార్తీని 216-210 ఓట్లతో స్పీకర్ పదవి నుంచి దించారు. సెప్టెంబరు 30న ప్రభుత్వం మూతపడకుండా డెమోక్రాట్ల మద్దతుతో తాత్కాలిక నిధుల బిల్లు నెగ్గించడం తక్షణ కారణం. వేసవి ఒప్పందం మీద రగిలిన అసమ్మతి అప్పటికే ఉంది. మే నెలలో స్పీకర్ ఎందుకు అంత ఆలస్యం చేశారో ఆ ఓటింగ్ చూశాక ధర్మకర్తలకు నేను వేరే వివరించనక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను ఏ సంస్థకైనా బిల్లులు కొనే ముందు చెల్లింపు ఒప్పందంలోని జాప్యం నిబంధనను తెప్పించుకుని చదువుతాను. ఎక్స్-డేట్‌కు రెండు అంచనాలుంటే ముందున్న దాన్నే గడువుగా తీసుకుంటాను, ఎందుకంటే వెనకది నిజమైతే కోల్పోయేది కొన్ని రోజుల వడ్డీ, ముందుది నిజమైతే కోల్పోయేది చెల్లింపు తేదీ. పన్ను గడువుల పొడిగింపు ప్రకటనలను ఖజానా నగదు లెక్కలోకి చేర్చుకుంటాను. సభలో ఓటు ఎంత తేడాతో నెగ్గిందన్న దాన్ని, నెగ్గిందన్న వార్త కంటే ముందు చూస్తాను.

2025 జనవరి 2న పరిమితి సుమారు 36.1 లక్షల కోట్ల డాలర్ల వద్ద మళ్లీ అమల్లోకి వచ్చింది, ఈసారి రిపబ్లికన్ల మెజారిటీ ఇంకా సన్నగిల్లింది. మే 9న ట్రెజరీ కార్యదర్శి స్కాట్ బెసెంట్ ఆగస్టులో డబ్బు అయిపోవచ్చని, జులై మధ్యలోపు చర్య తీసుకోమని కాంగ్రెస్‌కు రాశారు. ట్రస్టు ఆగస్టు మూడో వారంలో ప్రాకారం పనికి చివరి వాయిదా చెల్లించాలి. ఆ లేఖ వచ్చిన వారమే కోశాధికారి నాకంటే ముందు ఫోన్ చేసి, జులై 10న గడువు తీరే బిల్లు కొందామని, అక్కడి నుంచి చెల్లింపు దాకా ఆ సొమ్మును బీమా ఉన్న డిపాజిట్లలో ఉంచుదామని ప్రతిపాదించారు. పరిమితిని 5 లక్షల కోట్లు పెంచే చట్టం జులై 3న సభలో 218-214తో నెగ్గి మర్నాడు అమల్లోకి వచ్చింది. మేం డిపాజిట్లను అలాగే ఉంచాం, ఆగస్టులో చెల్లింపు తేదీకి జరిగింది.